ఫోన్ ఎత్తలేనప్పుడు పలికే గొంతు: తిరుపతిలో ఒక మైకు స్టూడియో గురించి

మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. సొంత బండ్లు నాలుగు, సీజన్‌లో బయటివి కూడా పెట్టుకుంటాం. బుకింగులు చూసేది నేనొక్కదాన్నే. ముసలివాళ్లతో వచ్చే గుంపులుంటే కొండమీదికి తోడు వెళ్లేదీ నేనే. గుళ్లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, ముందే డిపాజిట్ చేయాలి. ఇక దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి ఎంత పొద్దవుతుందో ఆ స్వామికే తెలియాలి. ఈలోపు చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి ఫోన్లు మోగి మోగి ఆగిపోతాయి. ఒకసారి ఎత్తకపోతే రెండోసారి మనకే చేస్తారన్న గ్యారంటీ ఏమీ లేదు. గూగుల్‌లో మన పేరు కింద ఇంకా బోలెడు ట్రావెల్స్ ఉంటాయి.

అందుకని వాయిస్‌మెయిల్ పెట్టించాను. మన దగ్గర దీని అలవాటు తక్కువ. మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటే అవతలివాళ్లే చేస్తారులే అనుకునే జనం మనం. నేను తీసుకున్నది నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్ నంబరు. నేను ఎత్తకపోతే ముందుగా రికార్డు చేసిన మాట వినిపిస్తుంది, బీప్ కొడుతుంది, వాళ్లు చెప్పింది నా ఫోన్‌కి ఆడియోగా వస్తుంది. ఆ కంపెనీ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ దాదాపు ఒకే పని చేస్తాయి. మనిషి ఫోన్ పెట్టేయకుండా ఆగుతాడా లేదా అన్నది మాత్రం ఆ వినిపించే మాటను బట్టే ఉంటుంది. ఆ మాట రికార్డు చేసిచ్చిన స్టూడియో గురించే ఈ రివ్యూ.

స్టూడియోకి పేరుందో లేదో, బోర్డయితే లేదు. తిలక్ రోడ్డు మీద మైకు సెట్ల అంగళ్లలో అడిగితే సందు చూపిస్తారు. రెండో అంతస్తు. స్టూడియో నడిపేది ఒక అబ్బాయి. అతనికి అసలు పని ఆటో ప్రచారాలు: చీరల అంగడి ఓపెనింగులు, స్కూల్ అడ్మిషన్లు, ఎన్నికలప్పుడు పార్టీల పాటలు, గంగమ్మ జాతరకి మైకు అనౌన్స్‌మెంట్లు. ఫోన్ గ్రీటింగులు, అంటే ఇలా ఎత్తనప్పుడు వినిపించే మాటలు, మధ్యలో చేసే పని. ఇది విని నేను కొంచెం జంకిన మాట నిజం. ఆటో మీద అరిచే గొంతు నా ఆఫీసు ఫోన్‌లో వస్తే కస్టమర్ల చెవులేమవుతాయి? తీరా చూస్తే నాకంటే ఆ అబ్బాయికే ఆ జాగ్రత్త ఎక్కువ. 'ఆటో మైకు పోయేవాళ్లని ఆపల్లక్కా. ఇక్కడ మనిషి ఆల్రెడీ ఆగి ఉండాడు గదా, ఎందుకు అరిచేది?' అన్నాడు.

మొదట నా దగ్గరున్న మాటలు చదవమన్నాడు. ఇంటర్నెట్‌లో దొరికే తరహావే: 'మా సంస్థకు ఫోన్ చేసినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. మీ కాల్ మాకు ఎంతో విలువైనది. ప్రస్తుతం మా ప్రతినిధులందరూ బిజీగా ఉన్నారు...' నేను చదువుతుంటే ఆ అబ్బాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూస్తున్నాడు. ప్రతినిధుల దాకా రాగానే ఆపేశాడు. 'ఈపాటికి పెట్టేసింటాడక్కా. ఆయనకి కారు కావల్ల. నువ్వేమో ఇంకా కారు మాటే ఎత్తలా.'

ఇది నాకు బాగా నచ్చిన సంగతి. 2020లో కరోనా కాలర్ ట్యూన్ గుర్తుందా? ఎవరికి చేసినా ముందు దగ్గు వినపడేది, తర్వాత జాగ్రత్తలు. మంచి మాటే చెప్పినా ఆ కొద్ది సెకన్లకే జనం ఎంత విసుక్కున్నారో చూశాం. డబ్బిచ్చి బండి మాట్లాడుకోవడానికి చేసేవాడు మన పొగడ్తలు వింటూ కూర్చుంటాడా? అందుకే ఇరవై సెకన్లకి మించనీయనని పట్టుబట్టాడు. అందులోనూ మొదటి అయిదు సెకన్లలో మూడు తెలిసిపోవాలట. సరైన చోటికే చేశామా, ఎవరు మాట్లాడుతున్నారు, ఇప్పుడు ఏం చేయాలి.

చివరికి తేలిన మాట ఇది. ట్రావెల్స్ పేరు తీసేసి రాస్తున్నా:

'నమస్కారమండీ, తిరుపతి నుంచి ట్రావెల్స్ మేడమ్‌ని. ఇప్పుడు ఫోన్ ఎత్తలేను. ఏ రోజు, ఎక్కడి నుంచి, ఎంతమంది, ఈ మూడూ బీప్ తర్వాత చెప్పండి. ఈరోజే నేను చేస్తాను. కొండకి వచ్చేటప్పుడు ఆధార్ ఒరిజినల్ మర్చిపోవద్దు.'

'గంటలో చేస్తాను' అని పెడదామనుకున్నాను. 'నిజంగా గంటలో చేస్తావా, బ్రహ్మోత్సవాలప్పుడు గూడానా?' అని అడిగాడు. చేయలేను. 'ఈరోజే' అంటే చేయగలను, చేస్తున్నాను కూడా. ఆధార్ మాట మాత్రం నాదే. దర్శనం టికెట్‌తో పాటు ఐడీ చూపించాలి. అది ఇంట్లో పెట్టి వచ్చి ఇక్కడ కంగారుపడేవాళ్లని మేం రోజూ చూస్తుంటాం. ఎలాగూ చెప్పే మాటే కదా అని చేర్చాను. దాని వల్ల ఇంకో లాభం వచ్చింది: తిరిగి ఫోన్ చేస్తే 'ఆ, ఆధార్ మేడమా!' అని గుర్తుపడుతున్నారు. బెంగళూరు నుంచి ఒకాయన తన ఫోన్‌లో నా నంబరు 'ఆధార్ అక్క' అనే సేవ్ చేసుకున్నాడట.

గొంతు సంగతి. రేడియోలో చదివేవాళ్లలా పలికే ఒకమ్మాయి ఆ స్టూడియోలో ఉంది, చాలా చక్కగా మాట్లాడుతుంది. ఆమెతోనే చెప్పిద్దామనుకున్నాను. ఆ అబ్బాయే వద్దన్నాడు. సాయంత్రం తిరిగి ఫోన్ చేసేది నేను కదా, అప్పుడు వేరే గొంతు వినపడితే అవతలివాళ్లు మళ్లీ మొదటి నుంచి ఎవరు, ఏమిటి అని అడుగుతారు. బ్యాంకుకో ఆస్పత్రికో అయితే ఆ అమ్మాయి గొంతు బాగుంటుంది. నాలాగా ఒక్క మనిషి నడిపే వ్యాపారానికి ఆ మనిషి గొంతే మేలు. అమ్మాయికి వేరే రేటు తీసుకుంటాడు కాబట్టి ఆ సలహా వల్ల తనకే నష్టం. అందుకే ఇంకా నమ్మాను.

కంప్యూటర్ గొంతు ఉచితంగా వస్తుంది కదా అని మా అబ్బాయి ఇంట్లో ఒక యాప్‌లో చేసిపెట్టాడు. తెలుగు పర్వాలేదు కానీ కాణిపాకాన్ని కానిపాకం చేసేసింది. ఈ ఊళ్లో ట్రావెల్స్ పెట్టుకుని కాణిపాకం సరిగ్గా పలకకపోతే ఎలా?

రికార్డింగ్ గది చిన్నది. గోడలకి బొంతలు, కోడిగుడ్ల అట్టలు, తలుపుకి రబ్బరు పట్టీ. ఫ్యాన్ ఆపేస్తారు, చెమటలు కారుతాయి. గాజులు తీసి పక్కన పెట్టమన్నాడు, చెయ్యి కదిలితే మైకులో పడతాయని. కాగితం చూసి చదివితే నాది క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు వస్తోంది. అప్పుడు ఒక పని చేశాడు. బయటికి వెళ్లి నా నంబరుకే ఫోన్ చేశాడు. నేను అలవాటుగా 'హలో, చెప్పండీ' అన్నాను. లోపలికొచ్చి 'ఈ గొంతే కావల్లక్కా, కాగితం నాకిచ్చేయ్' అన్నాడు. ఆ తర్వాత చెప్పిందే ఇప్పుడు నడుస్తున్నది.

బ్యాక్‌గ్రౌండ్‌లో నాదస్వరం పెట్టమని మా ఆయన పట్టు. ఆ అబ్బాయి కాదనకుండా పెట్టి, పెద్ద స్పీకర్లలో వినిపించాడు. గుడి ముందు నిలబడినట్టే ఉంది. అదే ఫైలు ఫోన్ కాల్‌లో వినిపించేసరికి చిల్లుపడిన పీపీ ఊదినట్టుంది. కారణం కూడా చెప్పాడు. మామూలు ఫోన్ లైనులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దమే వెళ్తుంది. దానికి తోడు ఫోన్లు శబ్దాన్ని కుదించేది మాటని దృష్టిలో పెట్టుకుని, సంగీతాన్ని కాదు. స, ఫ లాంటి అక్షరాల పదును చాలావరకు ఆ 3,400 హద్దుకి పైనే ఉంటుంది కాబట్టి అవి కూడా మొద్దుబారతాయి. 'నమస్కారం'లో 'స' దగ్గర నన్ను కొంచెం నిదానంగా పలకమన్నది అందుకే. పూర్తయ్యాక ఫైలుని క్లౌడ్ కంపెనీ అడిగినట్టే 8 కిలోహెర్ట్జ్, మోనో, వేవ్ ఫార్మాట్‌లో ఇచ్చాడు. స్టూడియో స్పీకర్లలో విని ఓకే చేయకండి, ఫోన్‌లో వినిపించమని అడగండి. వేరే చోట చేయించుకునేవాళ్లకి కూడా ఇదే చెప్తాను.

మొదట్లో 'గోవిందా' అని పెడదామని కూడా ఒక మాట వచ్చింది. నేనే వద్దన్నాను. దేవుడి పేరు మిషన్ చేత పలికించడం నాకెందుకో నచ్చదు. పైగా మా దగ్గరికి ఎయిర్‌పోర్టుకీ, వేలూరు ఆస్పత్రికీ వెళ్లేవాళ్లు కూడా వస్తారు.

ఇతరులకి చేసినవి కొన్ని వినిపించాడు. ఒక ఆడిటర్‌ది బాగుంది. జూలై నెలకి మాత్రమే వేరే గ్రీటింగ్: 'రిటర్న్ గురించైతే ఫారం 16 వాట్సాప్‌లో పెట్టేయండి, నోటీసు గురించైతే బీప్ తర్వాత చెప్పండి.' జూలై 31 ఐటీ రిటర్న్ గడువు టెన్షన్‌లో ఉన్నవాళ్లకి అంతకంటే ఏం కావాలి? చిత్తూరు వైపు మామిడి గుజ్జు వ్యాపారి ఒకాయనది మాత్రం నాకు నచ్చలేదు. తాతల కాలం నుంచీ వంశ చరిత్ర అంతా ఉంది. కస్టమర్ అడిగితే చేసిచ్చానన్నాడు.

ఇక నచ్చనివి. తెలుగుతో పాటు తమిళం, హిందీల్లో కూడా గ్రీటింగ్ పెట్టాలనుకున్నాను. తమిళం నేనే చెప్పాను, నా తమిళంలో తెలుగు యాస ఉన్నా చెన్నై వాళ్లకి ఇబ్బంది లేదు. హిందీకి మాత్రం అక్కడ సరైన మనిషి లేరు. ఒకాయన చెప్పింది నాకే నవ్వొచ్చింది. తీయించేసి ఆ చోట ఇంగ్లిష్‌లో ఒక వాక్యం పెట్టుకున్నాను. హిందీయే ముఖ్యమైనవాళ్లు ఇక్కడికి వెళ్లొద్దు. రెండోది, టైము. మే నెలలో జాతర పనుల్లో పడి నా ఫైలు ఇస్తానన్న రోజుకి ఇవ్వలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, వాయిస్‌మెయిల్ గ్రీటింగులు చేసే మనిషికి వాయిస్‌మెయిలే లేదు! మూడోది, జీఎస్‌టీ బిల్లు ఇవ్వడు, చేతి రసీదే. తెలుగుకి 1,200, అదనంగా ప్రతి భాషకీ 600 తీసుకున్నాడు. ఒక మార్పు ఉచితం, ఆపైన ప్రతిదానికీ 300. ఈ మార్పుల రేటు నాకు ఎక్కువనిపించింది. ఒక్క పదం మార్చినా అంతేనట.

కొత్తగా పెట్టించుకునేవాళ్లకి ఇంకో మాట. పాత నంబరు కాల్స్‌ని క్లౌడ్ నంబరుకి మళ్లించడానికి ఇదివరకు స్టార్ కోడ్‌లు కొడితే సరిపోయేది. 2024 ఏప్రిల్ 15 నుంచి ఈ కోడ్‌లతో (వీటినే యూఎస్ఎస్‌డీ కోడ్‌లంటారు) కాల్ ఫార్వర్డింగ్‌ని టెలికాం శాఖ ఆపించింది. ఫోన్ చేసి స్టార్ 401తో మొదలయ్యే కోడ్ కొట్టించి, జనం కాల్స్‌ని మోసగాళ్లు తమవైపు మళ్లించుకుంటున్నారని. నేను నా ఆపరేటర్‌ని అడిగి వేరే పద్ధతిలో పెట్టించుకున్నా. మీరూ అలాగే చేయండి. ఎవరైనా ఫోన్ చేసి ఆ కోడ్ కొట్టమంటే మాత్రం వెంటనే పెట్టేయండి.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. బ్రహ్మోత్సవాలకి ముందు ఆ రద్దీకి తగ్గట్టు ఇంకో గ్రీటింగ్ ఇక్కడే చేయించుకుంటాను, ఈసారి డబ్బు సగమే ముందిచ్చి. వెళ్లేవాళ్లు ముహూర్తాలు లేని రోజు చూసుకుని వెళ్లండి, పక్కనే కల్యాణ మండపం ఉంది, మేళం మొదలైతే ఎన్ని బొంతలున్నా ఆగదు. లిఫ్ట్ లేదు.