హాల్లో లైటుకి గుడ్డ బంతిపూల దండలు, కొనేముందు ఇది చదవండి

మా హాల్లో ఐదు బల్బుల వేలాడే లైటొకటుంది, ఇల్లు కొన్నప్పుడు ముచ్చటపడి పెట్టించాం, ఆ తర్వాత దుమ్ము దులపడమే దానికి మేం చేసిన సేవ. దసరాకి గుమ్మానికి కట్టగా మిగిలిన దండలు ఊరికే దానికి చుడితే వచ్చినవాళ్లంతా భలే ఉంది అన్నారు, ఇక అప్పట్నుంచి ప్రతి పండక్కీ దానికి అలంకారం చేయాల్సిందే, లేకపోతే పిల్లలు ఊరుకోరు.

దండలు హైదరాబాద్ బేగంబజార్‌లో తెచ్చా. ఒక్కోటి ఐదడుగులు, పది దండల కట్ట 350 చెప్పాడు, 300కి ఇచ్చాడు. అసలు పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చి కట్టొచ్చు గానీ రెండో రోజుకే వాడిపోయి రేకులన్నీ సోఫా మీద, ఎవరు ఊడుస్తారు. ఈ గుడ్డ పూలు ఒత్తుగా ఉన్నాయి, దూరం నుంచి చూస్తే నిజం పూలే అనుకుంటారు, మా అత్తమ్మ అయితే దగ్గరికెళ్లి వాసన కూడా చూసింది.

దారం మాత్రం నాసిరకం అండి. పువ్వుకీ పువ్వుకీ మధ్య ముడి లేదు, నిలువుగా వేలాడదీయగానే పూలన్నీ జారి కింద గుత్తిలా చేరాయి. నేనే సూదీ దారం తీసుకుని మూడు పూలకో ముడి వేసుకున్నా, ఒక సాయంత్రమంతా దానికే పోయింది. ఇంకోటి, దుమ్ము పట్టిందని తడిపితే రంగు దిగింది, లైటు తెల్ల షేడు మీద నారింజ మరక ఇంకా అట్లనే ఉంది. పొడిగా దులపండి చాలు.

షాపులో మెరిసిన పూలు మా ఇంట్లో పాలిపోయినట్టు ఎందుకున్నాయా అని రెండ్రోజులు తల పట్టుకున్నా, తీరా చూస్తే తప్పు పూలది కాదు, మా బల్బులది. డబ్బా మీద 6500కె అని ఉంటే ఆ వెలుగు నీలం కలిసిన తెలుపు, బంతిపూలకి అస్సలు పడదు. 3000కె వార్మ్ వైట్, అంటే పసుపు కలిసిన తెలుపు, 9 వాట్లవి మార్చాక అప్పుడొచ్చింది పండగ కళ. దండలకన్నా బల్బులకే ఎక్కువైంది అనుకోండి.

కట్టేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసుకోండి, దండ లైటు గొలుసుకీ, బల్బులుండే కొమ్మలకీ మాత్రమే చుట్టండి, బల్బుకి తగలొద్దు. అమ్మ వాళ్లింట్లో పాత 60 వాట్ల బల్బుకి ప్లాస్టిక్ దండ తగిలి కరిగి ఇల్లంతా కంపు కొట్టింది, ఆ బల్బులు తినే కరెంటు చాలావరకు వేడికే పోతుంది మరి. ఎల్ఈడీ అంత కాలదు గానీ మెడ దగ్గర వేడెక్కుతుంది, సర్క్యూటు ఉండేది అక్కడే, అక్కడ చుట్టి గాలాడకుండా చేస్తే బల్బు తొందరగా పోతుంది. డైనింగ్ టేబుల్ మీద ఉత్త వైరుకే వేలాడే లైట్లుంటాయి చూడండి, వాటి జోలికి అసలు పోవద్దు, ఆ వైరు మోసేది దాని బరువు వరకే.

సంక్రాంతికి ఇవే దండల మధ్య ధూల్‌పేట నుంచి తెచ్చిన అరచేతంత కాగితం పతంగులు కట్టాం, దండలకన్నా అవే బాగున్నాయి. ఫ్యాన్ ఐదులో పెట్టేసరికి రెండు తోకలు బల్బుల్లోకి మెలికపడ్డాయి, అప్పట్నుంచి ఫ్యాన్ రెండు దాటట్లేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా, ముడులు వేసిన దండ దొరికితే నాలుగున్నర. పతంగులు ఇంకా దించలేదు, నిచ్చెన పక్కింటివాళ్లు తీసుకెళ్లారు.