చేయి మనదే, కన్ను వారిది: రెండేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలో ఒక్కడినే కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేసే నేను, వెబ్ డెవలపర్లకు అడిగినప్పుడల్లా నిమిషాల లెక్కన సాంకేతిక సహాయం అందించే ఒక సేవను రెండేళ్లుగా డబ్బు కట్టి వాడుతున్నాను. ప్లాన్లు, ధరలు ఎవరైనా చూసుకోగలరు కనుక వాటి జోలికి పోను. నన్ను ఇంతకాలం కట్టిపడేసింది ఒక్కటే: అవతలి మనిషి మన సిస్టమ్‌ను తన చేతిలోకి తీసుకోడు, మన తెర చూస్తూ మన చేతనే పని చేయిస్తాడు.

నిరుడు సద్దుల బతుకమ్మకు 4 రోజుల ముందు, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక కుటుంబం సైటును కొత్త సర్వర్‌కు మార్చాను. రాత్రి తెరిచి చూస్తే తెలుగు వివరణలన్నీ అక్షరానికి మూడేసి చొప్పున పిచ్చి లాటిన్ గుర్తులుగా కనబడ్డాయి. ఏ జంపఖానాకు ఏ అంచు, ఏ రంగు అన్నది ఆ ఇంటి అమ్మాయి నెలల తరబడి టైపు చేసిన రాత అది. నాకు చేతులు చల్లబడ్డాయి. సహాయానికి మనిషి దొరికేసరికే, ఆ రాత ఉన్న డేటాబేస్ టేబుల్ మొత్తాన్ని యూటీఎఫ్8ఎంబీ4కు, అంటే తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచగల అక్షర సంకేత పద్ధతికి, మార్చే కన్వర్ట్ ఆదేశం రాసి ఎంటర్ మీద వేలు పెట్టి ఉన్నాను.

"ఆగుండ్రి సార్, అది కొట్టకుండ్రి. ముందు ఒక్క అక్షరం హెక్స్ తీసి చూద్దాం" అన్నాడతను. యాసను బట్టి మన వైపు మనిషే అనిపించి సగం ధైర్యం వచ్చింది.

హెక్స్ అంటే లోపల దాచిన బైట్లను అంకెలూ అక్షరాలుగా రాసి చూపడం. 'క' దగ్గర ఈ0 బీ0 95 అని, యూటీఎఫ్8లో దానికి ఉండాల్సిన మూడు బైట్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే రాత పోలేదు, చదవడమే తప్పుతోంది. పాత సర్వర్‌లో టేబులూ, సైటుకూ డేటాబేస్‌కూ మధ్య కనెక్షనూ రెండూ లాటిన్1 (ఒక్కో బైటును ఒక్కో లాటిన్ అక్షరంగా చదివే పాత పద్ధతి) కావడంతో బైట్లు ఉన్నవి ఉన్నట్టే వచ్చి పోయేవి. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 డిఫాల్ట్ అయింది కనుక, ఇప్పుడు కనెక్షన్ అందులో నడుస్తోంది, టేబుల్ మాత్రం లాటిన్1గానే ఉంది; దాంతో కొత్త సర్వర్ ఆ టేబుల్‌ను నిజంగానే లాటిన్1 అని నమ్మి ఒక్కో బైటును ఒక్కో లాటిన్ అక్షరంగా మార్చి పంపుతోంది. నా ఆదేశం నడిచి ఉంటే ఆ తప్పే టేబుల్‌లో స్థిరపడేది. బ్యాకప్ తీయించి, కాలమ్‌ను ముందు బ్లాబ్‌గా (ఏ లిపీ అనుకోకుండా బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాచే రకం), తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్పించాడు. 40 నిమిషాల్లో అమ్మాయి రాత అక్షరం పోకుండా తిరిగొచ్చింది. ఆ తర్వాత అదే చిక్కు మరో సైటులో వస్తే నేనే సరిచేసుకున్నాను.

అయిదు నిమిషాల్లో పలుకుతారని మొదట్లో మిత్రులందరికీ చెప్పాను. పగటిపూట అది ఇప్పటికీ నిజమే. ఆ రాత్రి మాత్రం 35 నిమిషాలు ఆగాను, ఆ ఆదేశాన్ని వెతికి పట్టుకున్నది ఆ ఎదురుచూపులోనే. పైగా ప్రతిసారీ కొత్త మనిషి వస్తాడు కనుక కథ మొదటినుంచీ చెప్పాలి, చెప్పే నిమిషాలకూ బిల్లు పడుతుంది. ఒక ఫోల్డర్ పర్మిషన్ సరిచేయడానికి నా చేతనే వెతికించి అరగంట లెక్క వేసిన రోజు కూడా ఉంది.

పక్క కుర్చీలో సీనియర్ ఉన్న ఆఫీసులో పనిచేసేవారికి ఇది అవసరమని అనలేను. నాకు అలాంటి కుర్చీ లేదు. అయినా ఈసారి ఏడాదికి కాక మూడు నెలలకే కట్టాను, ఎందుకంటే ఆ రాత్రి సాయపడిన మనిషినే మళ్లీ కోరుకునే వీలు ఈ సేవలో లేదు. ఆ వీలు కల్పించిన రోజున ఏడాది ప్లాన్‌కు తిరిగి వెళతాను.