నేటివా, రియాక్ట్ నేటివా, ఫ్లట్టరా: యాప్ పునాది ఎవరి చేతిలో ఉంటే మేలు?

2010 ఏప్రిల్ 8న ఆపిల్ సంస్థ ఐఫోన్ ఓఎస్ 4 ముందస్తు కూర్పును ప్రోగ్రామర్లకు అందించినప్పుడు, దానితోపాటు మారిన ఒప్పందంలోని 3.3.1 నిబంధన పెద్ద దుమారం రేపింది. ఐఫోన్ యాప్‌ను మొదటి నుంచీ ఆబ్జెక్టివ్-సి, సి, సి ప్లస్ ప్లస్ భాషల్లో గానీ, ఫోన్‌లో వెబ్ పేజీలను చూపే వెబ్‌కిట్ ఇంజిన్ నడిపే జావాస్క్రిప్ట్‌లో గానీ మాత్రమే రాయాలని, వేరే భాషలో రాసి మధ్యలో ఇంకో పొర ద్వారా మార్చి తెస్తే ఒప్పుకోబోమని ఆ నిబంధన చెప్పింది. అప్పటికి అడోబీ, వెబ్‌లో కదిలే బొమ్మలు, వీడియోలు, ఆటలు నడిపే ఫ్లాష్ కోసం తన కొత్త పనిముట్టు ఫ్లాష్ సీఎస్5ను విడుదల చేయడానికి సిద్ధంగా ఉంది. ఫ్లాష్‌లో తయారుచేసినదాన్ని ఐఫోన్ యాప్‌గా మార్చే సదుపాయం అందులో ఒక ముఖ్య ఆకర్షణ. గురి అడోబీ మీదే అయినా, నోవెల్ వారి మోనోటచ్, గేమ్‌లు తయారుచేసే యూనిటీ వంటి పనిముట్ల భవిష్యత్తు కూడా రాత్రికి రాత్రి అనుమానంలో పడింది.

అదే నెల 29న స్టీవ్ జాబ్స్ ఫ్లాష్ గురించి రాసిన బహిరంగ లేఖలో బ్యాటరీ, భద్రత, వేలితో తాకి వాడే పద్ధతి వంటి కారణాలు వరుసగా ఉన్నాయి గానీ, అన్నిటికంటే ముఖ్యమైనదంటూ ఆయన చివరికి అట్టేపెట్టిన కారణం వేరు. ఫోన్‌కూ ప్రోగ్రామర్‌కూ మధ్య మూడో సంస్థ తయారుచేసిన పొర వచ్చి కూర్చుంటే, ఫోన్‌లో తాము తెచ్చే ప్రతి మెరుగుదలా ఆ మూడో సంస్థ దయతలిచినప్పుడే యాప్‌లకు అందుతుందని, పైగా ఆ సంస్థ అన్ని ఫోన్లలోనూ ఉన్న ఉమ్మడి సౌకర్యాలనే అందిస్తుంది తప్ప ఒక ఫోన్ ప్రత్యేకతను పట్టించుకోదని ఆయన వాదన. ఇందులో సగం నిజం, సగం స్వార్థం ఉన్నాయి. ఒకసారి రాసిన యాప్ అన్ని ఫోన్లలోనూ నడిస్తే, యాప్‌ల కోసమే ఐఫోన్ కొనాల్సిన అవసరం తగ్గుతుందన్న మాట ఆ లేఖలో లేదు. సెప్టెంబర్ 9న ఆపిల్ వెనక్కి తగ్గి, యాప్ బయటి నుంచి కోడ్‌ను దించుకోకూడదన్న షరతుతో ఇతర పనిముట్లను అనుమతించింది. అడోబీ మాత్రం 2011 నవంబర్‌లో మొబైల్ బ్రౌజర్ల కోసం ఫ్లాష్ ప్లేయర్ తయారీని ఆపేసింది. 2020 చివరితో ఫ్లాష్‌కు అధికారిక మద్దతే ముగిసింది.

నాటి ప్రశ్న నేటికీ చావలేదు. ఇవాళ కొత్త యాప్ మొదలుపెట్టే సంస్థ ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి: ఆపిల్, గూగుల్ సొంత పనిముట్లతో విడివిడిగా రెండు యాప్‌లు రాయడం (దీన్నే నేటివ్ అంటారు), మెటా తెచ్చిన రియాక్ట్ నేటివ్‌తో రాయడం, గూగుల్ తెచ్చిన ఫ్లట్టర్‌తో రాయడం. వీటిని పోల్చేవారు సాధారణంగా వేగాన్ని, ఉద్యోగుల జీతాన్ని, నేర్చుకోవడానికి పట్టే కాలాన్ని కొలుస్తారు. అవి అక్కర్లేనివి కావు గానీ, యాప్ పదేళ్లు బతకాలనుకునేవారు అంతకుముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పనిముట్టు యజమాని మనసు మారితే నా యాప్ ఏమవుతుంది?

ఈ కొలతతో చూస్తే నేటివ్ దారికి ఒక పెద్ద బలం ఉంది. ఫోన్ ఉన్నంత కాలం దాని యాప్‌లు రాసే అధికారిక పనిముట్లు ఉంటాయి. కొత్త సౌకర్యం వచ్చిన రోజే అవి యాప్‌కు అందుతాయి. అయితే యజమాని వదిలిపెట్టడన్నంత మాత్రాన నిలకడగా ఉండనిస్తాడని కాదు. ఆపిల్ 2014లో స్విఫ్ట్ భాషను తెచ్చి ఆబ్జెక్టివ్-సిని పాతదాన్ని చేసింది. 2019లో స్విఫ్ట్‌యూఐని తెచ్చి తెరలు రాసే పద్ధతినే మార్చింది. గూగుల్ వైపు కథ మరీ చిత్రమైనది. ఆండ్రాయిడ్ జావా మీద నిలబడింది. 2010 ఆగస్టులో, జావా హక్కులున్న ఒరాకిల్ సంస్థ ఆ జావా విషయంలోనే గూగుల్ మీద దావా వేసింది. సుమారు 11,500 వరుసల కోడ్ చుట్టూ తిరిగిన ఆ తగవు 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-2 తీర్పుతో గూగుల్ పక్షాన తేలింది. ఈలోగా గూగుల్ 2017లో జెట్‌బ్రెయిన్స్ సంస్థ రూపొందించిన కోట్లిన్‌ను ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషగా స్వీకరించి, 2019లో దానికే మొదటి స్థానం ఇచ్చింది. ఫోన్ యజమాని కూడా భాష విషయంలో ఇంకొకరి చేతి కింద ఉండగలడని ఈ కేసు చూపింది.

నేటివ్‌కు అసలు ఖర్చు రెండు బృందాలు. ప్రతి తెరనూ రెండుసార్లు రాయాలి, ప్రతి తప్పునూ రెండుసార్లు దిద్దాలి, రెండు యాప్‌లూ ఒకే రోజు ఒకే విధంగా ప్రవర్తించేలా చూసుకోవాలి. పెద్ద బ్యాంకుకు ఇది భారం కాదు. నలుగురైదుగురు ప్రోగ్రామర్లున్న సంస్థ ఇలా చేస్తే, వాడుకరులు తక్కువగా ఉన్న ఫోన్‌కు, అంటే మన దేశంలో చాలాచోట్ల ఐఫోన్‌కు, ఎప్పుడూ పాతబడిన యాప్ మిగులుతుంది.

రియాక్ట్ నేటివ్ ఈ భారం నుంచే పుట్టింది. ఫేస్‌బుక్ మొదట తన మొబైల్ యాప్‌ను వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ 5 మీద నడిపి చేతులు కాల్చుకుంది. దాని మీద అతిగా ఆధారపడటం సంస్థ చేసిన అతిపెద్ద పొరపాటని 2012 సెప్టెంబర్‌లో మార్క్ జుకర్‌బర్గ్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఆ తర్వాత 2015లో బయటికి వచ్చిన రియాక్ట్ నేటివ్ మధ్యేమార్గం పట్టింది: ఆలోచన అంతా జావాస్క్రిప్ట్‌లో ఉంటుంది, తెర మీద కనిపించే బటన్లు, జాబితాలు, అక్షరాలు మాత్రం ఆ ఫోన్ సొంతవే. అందుకే ఆపిల్ బటన్ రూపాన్ని మార్చితే రియాక్ట్ నేటివ్ యాప్‌లోని బటన్ కూడా చాలావరకు దానంతటదే మారుతుంది. జాబ్స్ ఫిర్యాదులో సగానికి ఇది సమాధానం చెప్పింది. మిగతా సగం, అంటే ఫోన్‌లోని కొత్త సౌకర్యానికి జావాస్క్రిప్ట్ వైపు నుంచి వంతెన ఎవరో ఒకరు కట్టేదాకా ఆగవలసి రావడం, అలాగే ఉంది.

ఈ వంతెనల దగ్గరే, ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీకి చిక్కు వచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ఒకసారి రాస్తే రెండు చోట్లా నడుస్తుందని మొదలుపెట్టిన ఆ సంస్థ, ఐఫోన్ కోడ్, ఆండ్రాయిడ్ కోడ్, మధ్యలో రియాక్ట్ నేటివ్ కోడ్ అంటూ మూడింటిని మోయవలసి వచ్చి, 2018 జూన్‌లో దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అదే పనిముట్టును ఆన్‌లైన్ దుకాణాలకు వేదికైన షాపిఫై 2020లో తన మొబైల్ యాప్‌ల భవిష్యత్తుగా ప్రకటించింది. ఈ రెండు నిర్ణయాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. పాత నేటివ్ యాప్‌లో ముక్కలుగా చొప్పించడం కష్టమనీ, పూర్తి యాప్‌ను దానితోనే కట్టడం నయమనీ నేను వాటినుంచి తీసుకున్న అర్థం.

యజమాని సంగతికి వస్తే, రియాక్ట్ కుటుంబం ఒకసారి భయపెట్టింది. లైసెన్స్‌తోపాటు ఫేస్‌బుక్ జోడించిన పేటెంట్ షరతుల మీద 2017లో పెద్ద గొడవ జరిగింది. ఆ సెప్టెంబర్‌లో రియాక్ట్‌ను, తర్వాతి ఏడాది రియాక్ట్ నేటివ్‌ను ఏ మెలికా లేని ఎంఐటీ లైసెన్స్ కిందికి మార్చాకే అది సద్దుమణిగింది. 2025 అక్టోబర్‌లో ఈ రెండింటినీ లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఒక ప్రత్యేక ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు మెటా ప్రకటించింది. మెటాకు సొంత ఫోన్ ఓఎస్ లేదన్న సంగతినీ ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. ఆ సంస్థ తన యాప్‌లకు తానే ఈ పనిముట్టును వాడుకుంటుంది, దాన్ని ఆయుధంగా వాడి ఏ ఫోన్‌నూ అమ్ముకోవలసిన పని దానికి లేదు. అయితే చుట్టూ ఉన్న తోడు పనిముట్లు వేరే వాళ్లవి. స్టోర్ అనుమతి కోసం ఆగకుండా జావాస్క్రిప్ట్ భాగాన్ని వాడుకరి ఫోన్‌లోకి పంపే కోడ్‌పుష్ సేవను మైక్రోసాఫ్ట్ నడిపేది. 2025 మార్చి 31న ఆ సంస్థ తన యాప్ సెంటర్ సేవతోపాటు దాని హోస్టింగ్‌ను మూసేసినప్పుడు, దాని మీద ఆధారపడిన బృందాలు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవలసి వచ్చింది.

ఫ్లట్టర్ దారి వేరు. 2018 డిసెంబర్‌లో 1.0గా వచ్చిన ఈ పనిముట్టు ఫోన్ ఇచ్చే బటన్లను అడగదు. తెర మీది ప్రతి చుక్కనూ తానే గీస్తుంది. దీనివల్ల చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ఖరీదైన ఐఫోన్‌లోనూ యాప్ ఒకే రూపంలో కనిపిస్తుంది. సొంత రంగులు, సొంత కదలికలు కోరుకునే సంస్థలకు ఇది నిజమైన వరం. గూగుల్ పే, బీఎండబ్ల్యూ యాప్, బ్రెజిల్ వారి నూబ్యాంక్ ఈ దారి పట్టాయి. కానీ జాబ్స్ 2010లో భయపడింది సరిగ్గా ఇలాంటి పొరకే. 2025 జూన్‌లో ఆపిల్ గాజు పలకల వంటి కొత్త రూపాన్ని ప్రకటించినప్పుడు, ఐఫోన్ సొంత బటన్లను వాడే యాప్‌లకు అది చాలావరకు ఉచితంగా వచ్చింది. ఫ్లట్టర్ యాప్‌లలో మాత్రం ఎవరో కూర్చుని దాన్ని కొత్తగా గీయవలసిందే.

తెలుగులో యాప్‌లు చేసేవారికి ఈ తేడా ఇంకోవైపు నుంచి కూడా తెలుసు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా'తో కూడిన ఒక అక్షర వరుస ఐఫోన్‌లోకి సందేశంగా వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. లోపం ఆపిల్ అక్షరాలను పేర్చే వ్యవస్థలో ఉండటంతో, ఆ వ్యవస్థను వాడే వాట్సాప్, జీమెయిల్ వంటి బయటి యాప్‌లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా యాప్ తయారీదారులకు చేయగలిగింది పెద్దగా లేదు. ఫ్లట్టర్ అక్షరాలను పేర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే బహిరంగ లైబ్రరీతో తానే చేసుకుంటుంది కాబట్టి, అలాంటి లోపానికి సూత్రరీత్యా బయట ఉంటుంది. దీనికి బొరుసు కూడా ఉంది: ఒత్తులు తప్పుగా పడే లోపం ఫ్లట్టర్‌లోనే ఉంటే, ఫోన్ అప్‌డేట్ దాన్ని బాగుచేయదు, ప్రతి యాప్‌నూ మళ్లీ కట్టి స్టోర్‌కు పంపాలి.

ఫ్లట్టర్ విషయంలో నాకున్న అసలు సందేహం దాని యజమాని గురించే. గూగుల్ ఒక చేత్తో ఆండ్రాయిడ్‌ను, ఇంకో చేత్తో ఆండ్రాయిడ్‌తోపాటు ఐఫోన్‌కూ పనికొచ్చే ఫ్లట్టర్‌ను నడుపుతోంది. పైగా 2024 మేలో, కోట్లిన్‌లో ఒకసారి రాసిన కోడ్‌ను రెండు రకాల ఫోన్లలోనూ వాడుకోనిచ్చే కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌కు అధికారిక మద్దతు ప్రకటించి, ఒకే పనికి తన ఇంట్లోనే రెండు దారులు వేసింది. అంతకు కొద్ది వారాల ముందే ఫ్లట్టర్ బృందంలోనూ, ఫ్లట్టర్ యాప్‌లు రాసే డార్ట్ భాష బృందంలోనూ కొందరిని తొలగించింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఫ్లట్టర్ బృందంలో పూర్వం పనిచేసినవారు, పనుల జాప్యాన్ని కారణంగా చూపుతూ ఫ్లట్టర్ కోడ్‌నే తీసుకుని ఫ్లాక్ అనే వేరుకుంపటి పెట్టారు. కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి ఫ్లట్టర్ రాత్రికి రాత్రి మాయమైపోదు. కానీ డార్ట్ భాషను ఫ్లట్టర్ బయట వాడేవారు తక్కువ. గూగుల్ నెమ్మదిస్తే, నేర్చుకున్న విద్య వేరేచోట పనికిరావడం కష్టం. జావాస్క్రిప్ట్‌కు ఆ బెంగ లేదు.

వెబ్ యాప్ అనే నాలుగో దారి ఉంది గానీ, ఐఫోన్‌లో దాని తలరాత ఆపిల్ చేతిలోనే ఉంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న వెబ్ యాప్‌లకు నోటిఫికేషన్లు 2023 మార్చిలో గానీ రాలేదు. 2024 ఫిబ్రవరిలో యూరప్‌లో అలాంటి యాప్‌లనే తీసేస్తామని చెప్పిన ఆపిల్, విమర్శలు వచ్చాక మార్చి 1న మనసు మార్చుకుంది. సమాచారం చూపించే సేవలకు ఇది చాలు, వ్యాపారమంతా దాని మీద పెట్టడం నేను సిఫారసు చేయను.

ఏ పనిముట్టు ఎంచుకున్నా మారని సంగతులూ ఉన్నాయి. ఐఫోన్ యాప్‌ను కట్టడానికి ఆపిల్ వారి ఎక్స్‌కోడ్, అది నడిచే మ్యాక్ కావాలి. ఏటా 99 డాలర్ల సభ్యత్వం కావాలి. గూగుల్ ప్లేకు ఒకసారి 25 డాలర్లు చాలు. 2020 ఆగస్టులో గేమ్‌ల సంస్థ ఎపిక్‌తో తగవు వచ్చినప్పుడు ఆపిల్ ఆ సంస్థ గేమ్ ఫోర్ట్‌నైట్‌ను తీసేయడంతో ఆగకుండా, గేమ్‌లు తయారుచేసే దాని అన్‌రియల్ ఇంజిన్‌కు తన పనిముట్లు అందకుండా చేస్తానంది; న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ఆ రెండో చర్యను ఆపారు. 2024 మార్చి 1న కమీషన్ వివాదంలో గూగుల్ ప్లే నుంచి కొన్ని రోజులపాటు మాయమైన నౌకరీ, భారత్ మ్యాట్రిమొనీ వంటి యాప్‌లకు కూడా, అవి ఏ భాషలో రాసినవన్నది ఏ రక్షణా ఇవ్వలేదు.

ఇక ఎంపిక. కెమెరా, బ్లూటూత్, చెల్లింపుల భద్రత వంటి ఫోన్ లోతులతో పని ఉండి, రెండు బృందాలను పోషించగల సంస్థకు నేటివే మేలు. అలాంటివారు లెక్కలు, నియమాలు, సర్వర్‌తో మాట్లాడే భాగం వరకు 2023 నవంబర్‌లో స్థిరపడిన కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌లో ఒకసారే రాసుకుని, తెరలను మాత్రం ఐఫోన్‌కు స్విఫ్ట్‌యూఐలోనూ, ఆండ్రాయిడ్‌కు గూగుల్ వారి కంపోజ్‌లోనూ విడివిడిగా రాసుకుంటే, రేపు ఆ ఉమ్మడి పొరను వదులుకోవలసి వచ్చినా పోయేది కొంతే. చిన్న బృందానికి, అందులోనూ వెబ్‌సైట్ రాసే చేతులతోనే యాప్ కూడా రాయాలనుకునేవారికి, రియాక్ట్ నేటివ్‌నే ముందు పెడతాను. పిల్లల పాఠాలు, ఆటల వంటి బొమ్మలూ కదలికలే ప్రాణమైన యాప్‌ను ఎక్కువగా ఆండ్రాయిడ్ వాడుకరుల కోసం చేసేవారు ఫ్లట్టర్ తీసుకుంటే తప్పు పట్టను. అయితే లెక్కలూ నియమాలూ తెరల కోడ్‌లో కలిసిపోకుండా మొదటి రోజు నుంచే విడిగా ఉంచుకోవాలి, డార్ట్ నుంచి బయటికి వెళ్లవలసి వస్తే మళ్లీ రాయవలసింది తెరలే కావాలి గానీ వ్యాపారం మొత్తం కాకూడదు.