నల్లగా ఉందని ఆంగస్ క్రాస్ అనుకోకండి: తొమ్మిది పెయ్యలు, ఒక ఆబోతు కొని నేను తిన్న దెబ్బ

చిన్న మంద పెట్టుకుందామని మాంసపు జాతి పశువులు కొనబోతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి ఇది చదవండి. నేను తొమ్మిది పెయ్యల్ని, ఒక ఆబోతును ఒకే మనిషి దగ్గర, ఒకే రోజు కొన్నాను. మొదటి ఈతల కాలం ముగిసేసరికి ఒక దూడ చచ్చి పుట్టింది. ఒక పెయ్యకు పొట్ట కోసి దూడను తీయాల్సి వచ్చింది. ఇంకొకటి ఈ జన్మలో చూడి కట్టదని తేలింది. అమ్మినాయన పేరు రాయను. పేరు రాస్తే మీరు ఆయన్ని తప్పించుకుంటారు, అంతే. అదే బేరం ఇంకొకరు ఇంకోచోట పెడతారు. అందుకే బేరం ఎలా నడిచిందో చెప్తాను.

ప్రకటనలో ఉన్నది ఇది: "ఆంగస్ క్రాస్ పెయ్యలు, కొమ్ముల్లేనివి, 15 నెలలు. ప్యూర్ షారోలే ఆబోతు. హైబ్రిడ్ బలం గ్యారంటీ." ఆంగస్, షారోలే రెండూ విదేశీ మాంసపు జాతులు. ఆంగస్ సాధారణంగా నల్లగా, కొమ్ముల్లేకుండా ఉంటుంది. క్రాస్ అంటే రెండు జాతులు కలిసి పుట్టినది, హైబ్రిడ్ బలం అంటే అలా కలపడం వల్ల వచ్చే అదనపు సత్తువ. వెళ్లి చూస్తే తొమ్మిదీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆబోతు మీగడ రంగులో ఉంది, వెనక తొడలు బండరాళ్లలా ఉన్నాయి. దాని ముఖం ఒళ్లు కంటే కాస్త తెల్లగా ఉందని గమనించాను గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ముఖం సంగతి తర్వాత చెప్తాను. పెయ్యల నోళ్లు తెరిపించి పళ్లు చూశాను, అన్నీ పాలపళ్లే. శాశ్వత పళ్లలో మొదటి జత రెండేళ్లకు అటూ ఇటూగా వస్తుంది కాబట్టి వయసు విషయంలో ఆయన అబద్ధం ఆడలేదు. ఆ ఒక్క నిజాన్ని చూసి మిగతా మాటలన్నీ నమ్మేశాను.

"క్రాస్ అంటున్నారు సరే, దేనికి దేన్ని దాటించారు? తల్లులు ఏవి, చూపించండి" అని అడగాల్సింది. అడగలేదు. బర్రె నీళ్లలో ఉండగా బేరమాడినట్టే అయింది నా పని.

ముందు రంగు సంగతి చూద్దాం. పశువుల్లో నలుపు రంగు జన్యువు ఎరుపును అణిచేస్తుంది. తల్లి, తండ్రిలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, దూడ నల్లగా పుడుతుంది. కొమ్ములు లేకపోవడమూ అంతే, ఒక కాపీ వస్తే సరిపోతుంది. అంటే నలుపు, కొమ్ములేని తల చూసి మనకు తెలిసేది రెండు జన్యువుల గురించి మాత్రమే. సిమెంటల్, లిమోజిన్ లాంటి జాతుల్లో కూడా ఆంగస్ రక్తం కలిపి తయారుచేసిన నల్ల పశువులు బోలెడు ఉన్నాయి. పాల డెయిరీ హోల్‌స్టీన్ ఆవుకు ఆంగస్ ఆబోతును కడితే పుట్టే దూడ కూడా నల్లగానే ఉంటుంది, తరచూ పొట్ట కింద కాస్త తెలుపుతో. నా తొమ్మిదిలో రెండింటికి బొడ్డుకు ముందు భాగంలో అరచెయ్యంత తెల్లమచ్చ ఉంది. అందంగా ఉందనుకున్నాను. ఆ రెండే ఇప్పుడు మిగతా వాటికంటే పొడుగ్గా పెరిగి, దూడ తాగలేనన్ని పాలిస్తూ, ఎంత మేపినా పక్కటెముకలు బయటికి కనిపిస్తూ తిరుగుతున్నాయి. అవి చెడ్డ పశువులని అనను. వాటికి కావలసినంత మేత నా దగ్గర లేదు, అదీ సమస్య.

ఇక ఈతలు. మొదట ఈనింది మందలో అన్నిటికంటే చిన్న పెయ్య. ఉమ్మనీటి సంచి పగిలాక గంట చూశాను. రెండు గిట్టలు బయటికి వచ్చాయి, అరికాళ్లు నేలవైపే ఉన్నాయి, అంటే ముందుకాళ్లే, దూడ సరిగ్గానే తిరిగి ఉంది. కానీ ఆ గిట్టల సైజు చూసి నా గుండె జారింది. పెయ్య నొప్పి తీసిన ప్రతిసారీ గిట్టలు నాలుగు వేళ్లు బయటికొస్తాయి, నొప్పి ఆగగానే మళ్లీ లోపలికి పోతాయి. నాలుక కొస బయట కనిపించింది, అప్పటికే వాచి నీలం తిరిగింది. డాక్టర్ గారు వచ్చేసరికి ఇంకో గంటన్నర. కాలి కీలు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు వేసి గొలుసు కట్టి, నొప్పి వచ్చినప్పుడే లాగుతూ, ఒకసారి ఎడమకాలు ఒకసారి కుడికాలు లాగించారు. దూడ బయటపడింది గానీ ఊపిరి లేదు. తూకం వేస్తే 48 కిలోలు. మాంసపు జాతుల్లో దూడ పుట్టిన బరువు మామూలుగా తల్లి బరువులో ఏడు శాతం దగ్గర ఉంటుంది. ఆ పెయ్య ఈనే నాటికి 420 కిలోలు కూడా లేదు. ముప్ఫై కిలోల దూడ రావాల్సిన దారిలో ఇది ఇరుక్కుపోయింది. లోపల నరం నలిగి పెయ్య రెండు రోజులు వెనక కాళ్ల మీద నిలబడలేకపోయింది.

ఇక్కడ నా తప్పు కూడా ఉంది. రెండో దశ నొప్పులు మొదలై గిట్టలు కనిపించాక గంటసేపు దూడ ముందుకు రాకపోతే అప్పుడే ఫోన్ చేయాలి. "తొలిచూలు కదా, కాస్త టైం పడుతుందిలే" అని నేను ఆలస్యం చేశాను.

రెండోదానికి ఆ ఆలస్యం చేయలేదు. డాక్టర్ గారు చెయ్యి పెట్టి చూసి, లాగితే తల్లీ పిల్లా ఇద్దరూ పోతారని ఎడమ డొక్క కోసి దూడను తీశారు. రెండూ బతికాయి. తర్వాత రెండింటికి లాగాల్సి వచ్చింది, మూడు వాటంతట అవే ఈనాయి. మొత్తం ఏడు. నేను పశువుల కొట్టంలోనే మంచం వేసుకుని పడుకున్న ఆ మూడు వారాల టెన్షన్ లెక్కలోకి రాదు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మీ పెయ్యలు చిన్నవి, నా ఆబోతు తప్పేముంది?" అన్నాడు. కోపం వచ్చింది గానీ అందులో సగం నిజముంది. షారోలే కండ బాగా పెట్టే జాతి, పుట్టిన బరువూ ఎక్కువే. ఈ జాతి ఆబోతు కట్టితే చూడి కాలం కూడా ఆంగస్ కంటే నాలుగైదు రోజులు ఎక్కువ సాగుతుంది. ఆ చివరి రోజుల్లో దూడ కడుపులో రోజుకు దాదాపు అర కిలో పెరుగుతుంది. రెండు మూడు ఈతలు ఈనిన పెద్ద ఆవులకు కట్టితే అదే ఆబోతు లాభం తెచ్చేది. తొలిచూలు పెయ్యలకు దాన్ని కట్టడం తప్పు. కానీ ఆ పెయ్యల్నీ ఆ ఆబోతునీ జతగా, "సెట్" అని చెప్పి అమ్మింది ఆయనే కదా!

మంచి పెంపకందారులైతే ఆబోతుకు పుట్టిన బరువుకూ, ఈత తేలికకూ విడివిడిగా బ్రీడింగ్ వాల్యూ అంకెలు, అంటే ఆ గుణం దాని దూడలకు ఎంత వెళ్తుందో చెప్పే అంచనాలు, ఇస్తారు. ఆ అంకె ఎంతవరకు నమ్మదగ్గదో పక్కనే ఇంకో అంకె ఉంటుంది. పెయ్యలకైతే ముందు చూడాల్సింది ఈత తేలిక అంకె. వాటితో పోల్చితే తొడల అందం ఎందుకూ పనికిరాదు. ఇంకా తొడలు మరీ రెండుగా చీలినట్టు ఉబ్బి కనిపిస్తే మరింత భయపడాలి. బెల్జియన్ బ్లూలో ఆ కండ మయోస్టాటిన్ అనే జన్యువు దెబ్బతినడం వల్ల వస్తుంది. ఆ జాతిలో సిజేరియన్ మామూలు సంగతి.

ఇప్పుడు ఆ ముఖం సంగతి. షారోలేలో రంగును పలచన చేసే జన్యువు ఉంటుంది. స్వచ్ఛమైన వాటిలో దాదాపు అన్నిటికీ దాని రెండు కాపీలు ఉంటాయి, కాబట్టి ప్రతి దూడకూ ఒకటి వెళ్తుంది. నల్ల ఆవుకు కట్టితే దూడలన్నీ పొగ రంగులో, బూడిద రంగులో పుట్టాలి. నా మందలో పుట్టిన ఏడులో నాలుగు పొగ రంగు. రెండు కాటుక నలుపు, నొసటి మీద తెల్ల పట్టీతో. ఒకటి ఇటుక ఎరుపు, ముఖమంతా తెలుపు. డాక్టర్ గారు ఆ మూడింటినీ చూసి నవ్వి, "మీ షారోలేకు సిమెంటల్ తల్లి ఉందండీ" అన్నారు. తెల్లముఖం సిమెంటల్ జాతి గుర్తు. తోక వెంట్రుకలు కుదుళ్లతో పీకి జన్యు పరీక్షకు పంపితే ఆయన మాటే నిజమైంది: రంగు పలచన చేసే జన్యువు ఆబోతుకు ఒక్క కాపీయే ఉంది. ప్యూర్ అని కొన్నది క్రాస్. అందుకే దూడలు తలో రంగు, తలో సైజు. అమ్మబోతే ఒకే రకం దూడల గుంపుకు వచ్చే ధర వీటికి రాదు.

ఒక చిన్న మాట. ఎరుపు దూడ పుట్టిందని వెంటనే మోసం అనకండి. ఎరుపు జన్యువు స్వచ్ఛమైన నల్ల ఆంగస్‌లో కూడా దాక్కుని ఉండొచ్చు, రెండువైపులా కలిస్తే బయటపడుతుంది. నాకు మోసాన్ని పట్టించింది ఎరుపు కాదు, పలచన కాని రంగూ తెల్ల ముఖమూ.

చూడి కట్టని పెయ్య కథ వేరు. అది ఒక్కసారి కూడా ఎదకు రాలేదు. ఆరు నెలలు దానికి మంచి మేత పెట్టాను, మినరల్ మిక్స్చర్ పెట్టాను. చివరికి పరీక్ష చేస్తే లోపల గర్భసంచే సరిగ్గా లేదు. అది కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య. అలా పుట్టిన పెయ్యల్లో పదింటికి తొమ్మిది పైగా గొడ్డుబోతాయి. కడుపులో రెండింటి మాయలూ కలిసి, మగదాని హార్మోన్లు ఆడదానికి చేరడం వల్ల. పుట్టిన రోజునే తెలిసే విషయం ఇది, అమ్మేవాడికి తెలియకపోవడం కష్టం. కొనేముందు "ఇందులో కవలలు ఉన్నాయా?" అని అడగండి, రాతలో రాయించుకోండి. తొమ్మిదోది ఎదకు వస్తూనే ఉంది గానీ ఆ ఏడాది నిలవలేదు, దాని సంగతి ఇంకా తెలియదు.

"హైబ్రిడ్ బలం గ్యారంటీ" అన్న మాటకు వస్తే, ఆ బలం నిజమే. రెండు స్వచ్ఛమైన జాతుల్ని కలిపినప్పుడు మొదటి తరంలో అది పూర్తిగా ఉంటుంది. హెర్‌ఫర్డ్, ఆంగస్ కలిపితే వచ్చే తెల్లముఖం నల్ల ఆవులు తల్లులుగా పేరుపడ్డాయంటే అందుకే. చూడి కట్టడం, దూడ బతకడం, ఆవు ఎక్కువ ఏళ్లు మందలో నిలవడం లాంటి వాటిలో ఈ బలం బాగా కనిపిస్తుంది. కానీ ఆ మొదటి తరాన్ని వాటిలో వాటికే కట్టితే తర్వాతి తరానికి సగం పోతుంది. రెండు జాతుల ఆబోతుల్ని తరానికొకటి మార్చుతూ పోతే 67 శాతం నిలుస్తుంది, మూడు జాతులతో అయితే 86. కాగితం మీద అద్భుతం. కానీ పది ఆవులున్నవాడు మూడు ఆబోతుల్ని ఎక్కడ కడతాడు? ఒక్క పెద్ద ఆబోతు పాతిక ఆవులకు సరిపోతుంది. పైగా రెండేళ్లు ఉంచితే అది తన కూతుళ్లనే దాటుతుంది. నన్నడిగితే పదిహేను ఆవుల్లోపు మందకు సొంత ఆబోతు దండగ. మంచి మొదటి తరం పెయ్యల్ని కొని, తొలి ఈతకు ఈత తేలిక ఉన్న ఆంగస్ సెమెన్ వేయించడం మేలు. ఎద పట్టడం కష్టమనిపిస్తే అద్దె ఆబోతు, అదీ రోగ పరీక్షలు, వీర్య పరీక్ష కాగితాలు చూశాకే.

వేడి ఎక్కువున్నచోట మూపురం జాతుల రక్తం కావాలి, అది వేరే మాట. అక్కడ ఇంకో గోతి ఉంది. బ్రాహ్మన్ ఆబోతును మూపురం లేని జాతి పెయ్యకు కట్టితే దూడలు బాగా బరువుగా పుడతాయి. అదే తిరగేసి, బ్రాహ్మన్ ఆవుకు ఆంగస్ ఆబోతును కట్టితే దూడ తేలిగ్గా పుడుతుంది. రెండింటిలోనూ దూడ సగం సగమే, అయినా తల్లి ఎవరన్నదాన్ని బట్టి ఈత మారిపోతుంది. ఇంకొకటి, సగం సగం క్రాస్‌ను బ్రాంగస్ అని అమ్ముతుంటారు. బ్రాంగస్ అంటే ఎనిమిదిలో మూడు వంతులు బ్రాహ్మన్, అయిదు వంతులు ఆంగస్ ఉండి, తరాలపాటు స్థిరపడిన జాతి. జాతి రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. కాగితం మీది నంబరు చెవిలోని పచ్చబొట్టుతోనో ట్యాగుతోనో సరిపోలుతుందో లేదో మీ కళ్లతో చూడండి. నాకు ఇస్తానన్న కాగితం ఇప్పటికీ "పోస్టులో ఉంది".

ఆబోతును కోతకు పంపేశాను. గొడ్డు పెయ్యను మేపి అదే దారిన పంపుతాను, కండ బాగానే పెట్టింది. పొట్ట కోసిన పెయ్య కుట్లు మానిపోయాయి, దాని దూడ, ఆ తెల్ల పట్టీ నల్లది, మందలో అందరికంటే గట్టిగా తల్లి పొదుగును కుమ్ముతోంది. పెయ్య మాత్రం ఈని మూడు నెలలు దాటినా ఇంకా ఎదకు రాలేదు. డాక్టర్ గారు ఇంకో నెల చూద్దామన్నారు, పొద్దునా సాయంత్రం దాని వెనకే తిరుగుతున్నాను.