సిరామిక్ రెజిన్‌తో రెండేళ్లు: ప్రింటర్ సరే, ముందు ఫర్నేసు చూసుకోండి

మేం చిన్న ల్యాబ్ ఫర్నేసులు బాగుచేస్తాం. హీటర్ తీగ బయటికొచ్చే చోట ఉండే పింగాణీ బుష్షులు (తీగ చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) పాత మోడళ్లకు ఎక్కడా దొరకవు, నాలుగు ముక్కల కోసం అచ్చు చేయించే వాళ్లూ లేరు. అందుకే మా రెజిన్ 3డి ప్రింటర్‌లో (ద్రవ రెజిన్‌ని వెలుతురుతో పొర పొరగా గట్టిపరిచి ముక్క చేసేది) సిలికా పొడి కలిసిన సిరామిక్ రెజిన్ మొదలుపెట్టాను. ప్రింటయిన ముక్కను ఫర్నేసులో కాలిస్తేనే పింగాణీలా అవుతుంది. రెండేళ్లయింది, ఇప్పటికీ వాడుతున్నాను.

ప్రింటింగ్ తేలికే. సీసా బాగా ఊపాలి, ట్యాంకులో రాత్రంతా వదిలేస్తే పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టి పొద్దున్నే కలపాలి, అంతే.

అసలు టెన్షన్ కాల్చడంలో ఉంది. మొదటి 12 ముక్కలు బయట కాల్చడానికిచ్చాను. వాళ్లు మామూలు కుండల్లాగే గబగబా వేడి పెంచేశారు, ఒక్కటీ మిగల్లేదు, కొన్ని ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోయి వచ్చాయి. లోపలి రెజిన్ కాలి వాయువుగా బయటికి పోవాలి, దారి లేకపోతే ముక్కను చీల్చుకునే వస్తుంది. అప్పట్నుంచి మా ఫర్నేసులోనే కాలుస్తున్నాను: 500 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీకి మించనివ్వను, ఆ తర్వాతే 1270 వరకు. చల్లారేసరికి రెండు రోజులు. గోడ మందం 6 మిల్లీమీటర్లు దాటితే ఇంత ఓపిక పట్టినా నాకు పగుళ్లే వచ్చాయి, అందుకే లావు ముక్కల్ని లోపల బోలుగా గీస్తున్నాను.

కాలాక అడ్డంగా 15 శాతం దాకా, నిలువుగా ఇంకా చాలా ఎక్కువ తగ్గుతుంది, డ్రాయింగులోనే ఆ మేరకు పెంచుకోవాలి. కింద పలక మీద అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి పల్చగా చల్లితే ముక్క జారుతూ సమంగా తగ్గుతుంది. ఒకసారి చల్లడం మర్చిపోతే బుష్షు అడుగు పలకకు అంటుకుపోయి, పైభాగం ఒక్కటే చిన్నదై గంట ఆకారంలోకి వచ్చింది.

బలం మీద ఆశ పెట్టుకోకండి. కాల్చిన ముక్క మీద ఇంకు చుక్క వేస్తే ఇట్టే పీల్చుకుంటుంది, లోపలన్నీ సన్నటి రంధ్రాలే. స్క్రూ కాస్త గట్టిగా బిగిస్తే టక్కున విరిగిపోతుంది. గట్టితనం కావాలంటే అల్యూమినా రెజిన్ ఉంది గానీ, దాన్ని 1600 డిగ్రీల దగ్గర కాల్చాలి, మా ఫర్నేసు అంత వేడెక్కదు.

ఇంకొకటి, సపోర్టు మచ్చలు (ప్రింటయ్యేటప్పుడు ముక్కను పట్టి ఉంచే సన్న పుల్లలు విరిచాక మిగిలే గరుకులు) మాత్రం పొడిగా గీకొద్దండి. అది సిలికా దుమ్ము, ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, వచ్చాక నయం కాదు. మా దగ్గర తడిపి, ఎన్95 మాస్కు పెట్టుకునే గీకుతారు. మాస్కు లేకుండా కూర్చున్న కుర్రాడి చేతిలోంచి ఒకరోజు ఆకురాయి లాగేసుకున్నాను, ఆ రోజు డెలివరీ ఆగినా సరే అనుకున్నాను.