మెట్లు ఎక్కడమా, దిగడమా: కండకి ఏది మేలు?

బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా లిఫ్ట్ దగ్గర రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. కొందరు పైకి మెట్లెక్కి వెళ్లి, కిందికి లిఫ్ట్‌లో వస్తారు. దిగడం కూడా ఒక వ్యాయామమేనా అంటారు. ఇంకొందరు, ముఖ్యంగా ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు, ఆయాసం వస్తుందని పైకి లిఫ్ట్‌లో వెళ్లి, కిందికి మాత్రం రెయిలింగ్ పట్టుకుని నడిచి వస్తారు. గుండెకి, ఒళ్లు తగ్గడానికి మొదటి పద్ధతే మంచిది. తొడల బలానికి మాత్రం రెండోదే మేలని నేనంటాను.

ఎందుకో తెలియాలంటే కండ లోపలికి వెళ్లాలి. తొడ ముందు భాగంలో క్వాడ్రిసెప్స్ అనే నాలుగు కండల జట్టు ఉంటుంది. మోకాలిచిప్ప మీదుగా వచ్చి కింది కాలి ఎముకకి అతుక్కుంటుంది. కండ అంటే పోగుల కట్టలు. ఒక్కో పోగూ ఒక్క కణమే, కానీ సెంటీమీటర్ల పొడవుంటుంది. ఆ పోగులో ఇంకా సన్నని దారాలు, ఆ దారాల పొడవునా సార్కోమియర్లు అనే చిన్న చిన్న గదులు. ఒక మిల్లీమీటరు పొడవులో అవి దాదాపు 400 పడతాయి. గదిలో రెండు రకాల ప్రొటీన్ తీగలుంటాయి: లావు తీగలు మయోసిన్‌వి, సన్న తీగలు ఆక్టిన్‌వి. నరం నుంచి కబురు రాగానే పోగులో దాచి ఉన్న కాల్షియం విడుదలవుతుంది, ఆక్టిన్ మీద మూసి ఉన్న చోట్లు తెరుచుకుంటాయి. మయోసిన్ తీగల నుంచి పొడుచుకొచ్చిన తలలు అక్కడ పట్టుకుని లాగుతాయి. పట్టు వదిలి మళ్లీ పట్టుకోవాలంటే ఏటీపీ, అంటే కణానికి ఇంధనంలాంటి పదార్థం, ఖర్చవ్వాలి. తీగలు ఏవీ కుంచించుకుపోవు, ఒకదాని మీదుగా ఇంకొకటి జారతాయి, అంతే. ఈ సంగతిని 1954లో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి: ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది, రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం లేదు.

మెట్టెక్కేటప్పుడు ఈ తలలు బావిలో చేద తోడినట్టు పనిచేస్తాయి. చేంతాడుని ఒక చేత్తో పట్టి లాగి, వదిలి, మళ్లీ పైన పట్టుకోవాలి. గది పొట్టిదవుతుంది, మోకాలు నిటారవుతుంది, ఒళ్లు పైకి లేస్తుంది. దిగేటప్పుడు కండ విశ్రాంతి తీసుకుంటుందని అనుకుంటాం. నిజంగా తీసుకుంటే మోకాలు మడతపడి కూలబడిపోతాం. బిగిసి ఉండగానే సాగడం అప్పుడు దాని పని. నిండు చేదని దబ్బున పడకుండా లోపలికి దించేటప్పుడు చేతులు తాడుని వదలకుండా కొంచెం కొంచెంగా జారనిస్తాయే, అలాగ.

ఇందులోనే అసలు విశేషం ఉంది. సాగేటప్పుడు చాలా తలల పట్టుని ఒంటి బరువే విడదీస్తుంది కాబట్టి ఏటీపీ తక్కువ ఖర్చవుతుంది. పైగా గదిలో టైటిన్ అనే పొడవాటి ప్రొటీన్ కూడా బిగుసుకుని బరువు మోస్తుంది. అందుకే ఎత్తలేని బరువునైనా మెల్లగా దించగలం. 1952లో ఇంగ్లండ్‌లో అబట్, బిగ్‌లాండ్, రిచీ అనే శాస్త్రవేత్తలు రెండు సైకిళ్లని వీపు వీపు కలిపి ఒకే చెయిన్‌తో బిగించారు. ఒకరు ముందుకి తొక్కుతుంటే రెండోవారు, మెట్లు దిగేటప్పటిలాగే కండ బిగిసి సాగుతుండగా, ఎదురు ఆపుతూ ఉండాలి. ఇద్దరి కాళ్ల మీదా పడే బలం సమానమే, అయినా తొక్కేవారికి ఆక్సిజన్ ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువైంది.

ఆయాసం తక్కువ కాబట్టి లాభమూ తక్కువే అనుకోవద్దు. అదే బరువుకి దిగేటప్పుడు తక్కువ పోగులే పనిలోకి దిగుతాయి, ఒక్కోదాని మీద భారం ఎక్కువ పడుతుంది. కండ బలపడడానికి కావలసింది ఆ భారమే. శనివారం మాగడి దగ్గర సావనదుర్గ ట్రెక్‌కి వెళ్లిన కుర్రాళ్లు సోమవారం ఆఫీసు మెట్లు దిగలేక మూలుగుతారు. ఆ నొప్పిని లాక్టిక్ ఆమ్లం మీదికి నెట్టేస్తారు, అది తప్పు. లాక్టిక్ ఆమ్లం గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి సర్దుకుపోతుంది. రెండో రోజు వచ్చే నొప్పి, కొండ దిగుతున్నప్పుడు అతిగా సాగి దెబ్బతిన్న గదులది. ఒకసారి అలా అలవాటైతే తర్వాతి కొన్ని వారాలు అదే పనికి అంత నొప్పి రాదు. ట్రెక్‌కి ముందు పది పదిహేను రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు దిగమని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఎక్కడానికి ఉన్న గొప్పతనం వేరు. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరితిత్తులకి పని దొరుకుతుంది, పిరుదుల కండలు బాగా పనిచేస్తాయి, కేలరీలు కరుగుతాయి. ముప్పై ఏళ్లకే పొట్ట వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లిఫ్ట్‌ని రెండువైపులా మానెయ్యాలి. ఒకటే వీలవుతుందంటే మాత్రం ఎక్కమంటాను.

పెద్దవాళ్ల విషయంలో నా మాట మారుతుంది. వయసుతో ముందు తగ్గేది తొడల బలం, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవలేకపోవడం దాని గుర్తు. తైవాన్‌లో ఊబకాయం ఉన్న పెద్ద వయసు ఆడవాళ్ల మీద జరిగి, 2017లో ప్రచురితమైన పరిశోధనలో 12 వారాల పాటు కొందరు మెట్లెక్కారు, కొందరు దిగారు. దిగినవాళ్లకే కాళ్ల బలం ఎక్కువ పెరిగింది. కాబట్టి పక్క ఫ్లాట్ అత్తయ్యగారు పైకి లిఫ్ట్‌లో వెళ్లి కిందికి నడిచి వస్తే, “అదేం నడకండీ” అనకండి. రెయిలింగ్ మీద చెయ్యి, కాళ్లకి గట్టి చెప్పులు, మెట్ల మీద మంచి వెలుతురు ఉంటే చాలు. పడిపోయే ప్రమాదం దిగేటప్పుడే ఎక్కువ.

మోకాలిచిప్ప అరిగి నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం దిగడం మంచిది కాదు, చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. వాళ్లకి మూడో దారి ఉంది, మనకి బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ. కండ పొడవు మారకుండానే తలలు పట్టుకుని లాగుతూ ఉంటాయి. సగం కూర్చుంటే చాలు, నొప్పి మొదలయ్యేంత కిందికి వెళ్లొద్దు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు.

కొత్తగా దిగడం మొదలుపెట్టేవాళ్లు మొదటి వారం రెండు మూడు అంతస్తులతోనే ఆపండి. అలవాటు లేకుండా ఒక్కరోజే అతిగా చేస్తే, దెబ్బతిన్న కండ నుంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి చేరి కిడ్నీలకి ముప్పు రావచ్చు. విపరీతమైన నొప్పితో పాటు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఇంట్లో నూనె రాసుకుంటూ కూర్చోకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.