ఉరుము వెంట రీపర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

అనంతపురంలో మా మిద్దెపైన గదిలో నాలుగేళ్లుగా రీపర్ వాడుతున్నాను. కంప్యూటర్‌లో సంగీతం రికార్డు చేసి కూర్చే సాఫ్ట్‌వేర్ ఇది. ఉరుము అనే రెండు ముఖాల తోలు వాయిద్యానికి సింథ్ (ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాద్య ధ్వని) జోడించి సంగీతం కడతాను. ఆ ఒక్క పనికి ఇది ఎలా ఉందో రాస్తున్నా.

మొదటిసారి ఉరుములు వాయించే బృందంలో పెద్దాయనకు హెడ్‌ఫోన్ పెట్టి క్లిక్ (లయ తప్పకుండా సాఫ్ట్‌వేర్ కొట్టే టిక్ టిక్ చప్పుడు) వినిపించాను. నాలుగు ఆవర్తాలు వాయించి పుల్ల ఆపేశాడు. "ఏమప్పా, మేము దాని ఎంట పోవాల్నా, అది మా ఎంట రావాల్నా?" అన్నాడు. ఆ రోజు నుంచి క్లిక్ పెట్టలేదు. వాళ్లు తమ నడకలో వాయిస్తారు. తర్వాత కూర్చుని ఒక్కో ఆవర్తాన్ని ఎంచుకుని రీపర్‌లో ఒక బార్‌గా (తాళం కొలతగా) గుర్తు పెడతాను. నిదానంగా మొదలై, అమ్మవారి పాట దగ్గర ఉధృతమయ్యే ఆ నడకంతా టెంపో మ్యాప్‌లోకి (ఏ చోట ఎంత వేగమో చూపే పట్టీలోకి) వచ్చేస్తుంది, సింథ్ నోట్లు దాని వెంటే పోతాయి. ఒక్క జాగ్రత్త: రికార్డు చేసిన ట్రాక్ టైమ్‌బేస్‌ను (ట్రాక్ గడియారానికి కట్టుబడాలా, తాళానికా అని చెప్పే సెట్టింగ్‌ను) ముందే 'టైమ్'కు మార్చుకోండి. 'బీట్స్' మీద వదిలేస్తే టెంపో గుర్తు పెట్టగానే అసలు వాయింపే చోటు మారిపోతుంది. ఇది తెలియక ఒక రాత్రంతా కూర్చుని సర్దుకున్నాను.

శ్రుతి ఇంకో కథ. ఉరుములో ఒక ముఖాన్ని కొడతారు, రెండో ముఖాన్ని పుల్లతో రుద్దుతారు. ఆ రాపిడిలో మూలుగు కింద నుంచి పైకి జారుతుంది. మే నెల మధ్యాహ్నం తోలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది, వాన పడిన సాయంత్రం దిగుతుంది. సింథ్ మాత్రం 440 హెర్ట్జ్ ప్రామాణిక శ్రుతి దగ్గరే కదలకుండా ఉంటుంది. అందుకే స్పెక్ట్రమ్‌లో (ధ్వనిలోని శ్రుతుల్ని చూపే గ్రాఫ్‌లో) మూలుగు ఎక్కడ నిలుస్తోందో చూసి, సింథ్‌నే అన్ని సెంట్లు (స్వరాల మధ్య సన్నని తేడాల కొలత) జరుపుతాను. ఉరుము శ్రుతినే సాఫ్ట్‌వేర్‌లోని పిచ్ షిఫ్ట్‌తో లాగితే తోలు పోయి ప్లాస్టిక్ డబ్బా మోగినట్టుంటుంది. నా చెవికి అది అస్సలు నచ్చదు.

రాపిడి వైపు షూర్ ఎస్‌ఎం57 మైకు, జానెడు దూరంలో. ఫ్యాన్ ఆపాల్సిందే. వాళ్ల వాయింపు వాళ్లకే హెడ్‌ఫోన్‌లో వినిపించాలంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే ధ్వని శాంపిళ్ల లెక్క) 128కి దించండి. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటులో 1024 పెడితే బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు తింటుంది, హెడ్‌ఫోన్‌లో పుల్ల చప్పుడు వెనకబడుతుంది.

రీపర్‌తో పాటు వచ్చే వాయిద్యాలు తక్కువ. నాకు అది లోటనిపించలేదు. మూలుగులోంచి రెండు సెకన్ల ముక్క కోసి, రీపర్‌లోనే ఉన్న రియాసాంప్లోమాటిక్ 5000 అనే శాంప్లర్‌లో (ధ్వని ముక్కను వాయిద్యంలా మోగించే పరికరంలో) వేసి కీబోర్డు మీద వాయిస్తాను. అసలు ఉరుము కింద అది తంబూరాలా నిలబడితే రెండూ ఒకే తోలు నుంచి వచ్చాయని తెలిసిపోతుంది. ఏ రెడీమేడ్ సౌండ్ ప్యాకూ నాకు ఆ కలయిక ఇవ్వలేదు.

60 రోజులు ఉచితంగా వాడి చూశాకే డబ్బు కట్టాను. వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. నేను 6వ వెర్షన్‌కు కట్టినదే ఇప్పుడు 7కీ చెల్లుతోంది. దీనికోసం పాత ల్యాప్‌టాప్ ఇంకా మార్చాల్సి రాలేదు.